సాట్రియానీ రాత్రికి రాత్రే స్టార్ కాలేదు: గొంతు లేని రాక్ ఆల్బమ్ ఎలా నిలబడిందంటే

మీరు అడిగినవి మూడు. 1987లో వచ్చిన ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’తో అమెరికన్ గిటారిస్టు జో సాట్రియానీ ఒక్కసారిగా అంత పైకి ఎలా వెళ్లాడు? పాడేవాళ్లే లేని రాక్ ఆల్బమ్‌ను అంతమంది ఎందుకు కొన్నారు? రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ టూర్‌లో చోటు దొరకకపోతే ఆయన పేరు మనదాకా వచ్చేదా? గిటార్ నేర్పుతూ, స్టూడియోల్లో వాయిస్తూ ఈ ప్రశ్నలు ఏదో ఒక రూపంలో ఏళ్లుగా వింటున్నాను కాబట్టి కాస్త తీరిగ్గానే రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయన్ని పైకి తెచ్చింది వేగం కాదు. 1987 నాటికి అమెరికాలో వేగంగా వాయించే గిటారిస్టులకు కొదవే లేదు. సాట్రియానీ గొంతు చేయాల్సిన పనిని గిటార్ చేత చేయించాడు. ఆ ప్రయోగానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేనంత తక్కువ ఖర్చులో పని కానిచ్చాడు. ఈ రెండూ కుదిరాకే జాగర్ పిలుపు వచ్చింది.

అసలు కథ చాలా ముందు మొదలైంది. సాట్రియానీ 1956లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో, వెస్ట్‌బరీ అనే ఊళ్లో పుట్టాడు. 1970 సెప్టెంబర్‌లో రాక్ గిటార్ దిగ్గజం జిమీ హెండ్రిక్స్ చనిపోయాడన్న వార్త వినగానే ఫుట్‌బాల్ మానేస్తున్నానని కోచ్‌కి చెప్పి గిటార్ పట్టుకున్నాడన్న కథ మీరూ వినే ఉంటారు, ఇంటర్వ్యూల్లో ఆయనే చాలాసార్లు చెప్పాడు. కథ బాగానే ఉంటుంది కానీ, నా లెక్కలో అంతకంటే ముఖ్యమైనది 1974. ఆ ఏడాది ఆయన లెనీ ట్రిస్టానో దగ్గర పాఠాలకు చేరాడు. ట్రిస్టానో చూపులేని జాజ్ పియానిస్టు, పేరుమోసిన గురువు. శిష్యుల చేత లెస్టర్ యంగ్ లాంటి వాళ్ల సోలోలను ముందు నోటితో పాడించేవాడు. స్వరం తప్పకుండా, లయ తప్పకుండా పాడటం వచ్చాకే వాద్యం. వేళ్లకు అలవాటైన దారిలో వెళ్లిపోకుండా, చెవిలో మోగినదాన్నే బయటికి తీయడమన్నమాట. పదమూడేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్‌లోని ట్యూన్లు జనం నోట ఎందుకు నానాయో తెలియాలంటే ఈ పాఠం దగ్గరే వెతకాలి.

ఆయన అప్పటికే లాంగ్ ఐలండ్‌లో కుర్రాళ్లకు గిటార్ నేర్పుతున్నాడు. ఆ కుర్రాళ్లలో ఒకడు తర్వాత పెద్ద గిటారిస్టుగా పేరు తెచ్చుకున్న స్టీవ్ వై. 70వ దశకం చివర్లో కాలిఫోర్నియాలోని బర్కిలీకి మారాక కూడా అదే వృత్తి, ఒక గిటార్ షాపులో పాఠాలు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల పేర్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది: మెటాలికా గిటారిస్టు కిర్క్ హామెట్, టెస్టమెంట్‌లో వాయించిన అలెక్స్ స్కోల్నిక్, ప్రైమస్‌లోని ల్యారీ లలోండ్, జాజ్‌లో పేరు తెచ్చుకున్న చార్లీ హంటర్. శిష్యులు ప్రపంచం చుట్టి వస్తున్నారు, గురువు షాపు వెనక గదిలో స్కేళ్లు (స్వరాల వరుసలు) చెప్పుకుంటున్నాడు. చాలామంది ఈ ఘట్టాన్ని “పాపం, కష్టాల రోజులు” అని రాస్తారు. నాకలా అనిపించదు. రోజూ ఒకే విషయాన్ని పది రకాల చెవులకు పది రకాలుగా విడమరిచి చెప్పాల్సి వస్తే, ఆ విషయం మనకే వేరేగా అర్థమవుతుంది. పైగా కెరీర్ మొదలయ్యేటప్పుడు తలుపు తీసింది కూడా ఒక శిష్యుడే. ఆ సంగతికి వస్తాను.

అప్పట్లో ఆయనకు ద స్క్వేర్స్ అనే బ్యాండ్ ఉండేది. డ్రమ్స్ మీద జెఫ్ క్యాంపిటెల్లి, బేస్ వాయిస్తూ పాడేది ఆండీ మిల్టన్. ముగ్గురూ బే ఏరియా క్లబ్బుల్లో బాగానే వాయించారు కానీ రికార్డు కంపెనీలేవీ ముందుకు రాలేదు. అందులో సాట్రియానీ ఎక్కువగా పాటకు అండగా ఉండే గిటారే వాయించాడు. గుర్తుపెట్టుకోండి, సోలో ఆల్బమ్ తీసేనాటికి పాటను ఎలా కట్టాలో, ఎక్కడ తగ్గాలో ఆయనకు వచ్చు.

ఇక 1984. నాకు ఆయన కెరీర్ మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. తన పేరుతోనే ఒక చిన్న రికార్డు, ఈపీ, తీశాడు. దాన్లో డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు, కీబోర్డు లేదు. వినిపించే ప్రతి శబ్దం ఎలక్ట్రిక్ గిటార్ నుంచి వచ్చిందే. తాళం కావాల్సిన చోట గిటార్ బిగింపులకు వాడే అలెన్ కీతో పికప్ మీద తట్టాడు. పికప్ అంటే తీగల కింద, అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని తీగచుట్ట. దాని మీద లోహం తగిలితే ఆంప్‌లోంచి టక్‌మని గట్టి దెబ్బ వినిపిస్తుంది. దాన్ని టేప్ మీద ఈక్యూతో, అంటే మంద్ర, తార శబ్దాల పాళ్లు మార్చి, మలిస్తే డ్రమ్ అవుతుంది. బేస్ కావాల్సిన చోట తీగల శ్రుతి దించాడు. మీ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ ఉంటే, వాల్యూమ్ బాగా తగ్గించుకుని, ఒకసారి తట్టి చూడండి. ఒక్క వాద్యంలో ఎన్ని వాద్యాలు దాగున్నాయో వెంటనే తెలుస్తుంది.

ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోయిందని కాదు నేను చెప్పేది. దాన్ని విడుదల చేయడానికి ఆయన సొంత లేబుల్ పెట్టుకున్నాడు, భార్య రుబీనా పేరుతో రుబీనా రికార్డ్స్. ట్యూన్ల హక్కులు చూసుకోవడానికి సొంత పబ్లిషింగ్ కూడా పెట్టుకున్నాడు. అంటే ఏ కంపెనీ గడప తొక్కకముందే స్టూడియో గంటకు ఎంత, రికార్డు ప్రెస్ చేయించడం ఎలా, కాపీరైట్ కాగితాలు ఎలా నింపాలి అన్నవన్నీ చేతులారా నేర్చుకున్నాడు. మన సంగీతకారుల్లో చాలామంది చివర్లో నేర్చుకునేది ఆయన మొదట్లోనే నేర్చుకున్నాడు.

ఈ పబ్లిషింగ్ సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే వాద్యకారుడి తిండి ఇక్కడే ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే వాయించినవాడికి గానీ పాడినవాడికి గానీ రికార్డు కంపెనీకి గానీ పైసా రాదు. డబ్బు వెళ్లేది స్వరకర్తకు, పబ్లిషర్‌కు. ఎవరి పాటలోనో అద్భుతమైన సోలో వాయించిన సెషన్ గిటారిస్టుకు ఆ పాట లక్షసార్లు మోగినా సెషన్ ఫీజుతోనే సరి. సొంత ట్యూన్ కట్టుకుని, దాని పబ్లిషింగ్ కూడా తన దగ్గరే ఉంచుకున్న గిటారిస్టుకు మాత్రం రేడియోలో మోగిన ప్రతిసారీ లెక్క జమవుతుంది. ప్రకటనలకో సినిమాలకో వాడుకుంటే అది వేరే లెక్క. పైగా మాటలు లేని సంగీతంలో గీత రచయితతో పంచుకోవాల్సిన పని కూడా లేదు. అందుకే నన్ను ఎవరైనా “కవర్లు (వేరేవాళ్ల పాటలు) వాయిస్తూ ఉంటే పేరొస్తుందా?” అని అడిగితే, పేరు సంగతేమో గానీ కెరీర్ మాత్రం సొంత ట్యూన్‌తోనే మొదలవుతుందంటాను.

తర్వాతిది పూర్తి ఆల్బమ్, ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’. దానికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, అడగకుండానే పోస్టులో ఇంటికొచ్చిన క్రెడిట్ కార్డు నుంచి. దాని పరిమితి మేరకు గీకి స్టూడియో బిల్లు కట్టాడు. ఈ ముక్క విని కుర్రాళ్లు వెంటనే అప్పు చేసి ఆల్బమ్ తీసేస్తామంటారు, కాబట్టి మిగతా సగం కూడా వినండి. ఆల్బమ్ పూర్తయ్యేసరికి ఆయన అప్పులో ఉన్నాడు. అప్పటికే హిట్లున్న గ్రెగ్ కిన్ బ్యాండ్‌లో గిటారిస్టుగా పని దొరికింది కాబట్టి ఆ జీతంతో తీర్చగలిగాడు. పాఠాలు చెప్పగలగడం, ఎవరి బ్యాండ్‌లోనైనా ఒదిగి వాయించగలగడం అనే రెండు ఆధారాలు ఉన్నవాడు చేసిన సాహసమది. ఏ ఆధారమూ లేనివాడు అదే పని చేస్తే కథ వేరేగా ఉంటుంది.

శిష్యుడి సంగతికి వస్తానన్నాను కదా. స్టీవ్ వై అప్పటికే ‘ఫ్లెక్సెబుల్’ అనే ఆల్బమ్‌ను సొంత హోమ్ స్టూడియోలో రికార్డు చేసి, 1984లో సొంతంగా విడుదల చేసుకున్నాడు. దాని ద్వారా న్యూయార్క్‌లోని రిలేటివిటీ రికార్డ్స్‌తో పరిచయం ఏర్పడింది. గురువు టేపు తీసుకెళ్లి ఆ కంపెనీలో క్లిఫ్ కల్ట్రెరి అనే ఆయనకు వినిపించింది వై. అలా 1986లో ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ విడుదలైంది. అదే ఏడాది వై, వాన్ హేలన్ మాజీ గాయకుడు డేవిడ్ లీ రాత్ బ్యాండ్‌తో తారస్థాయికి వెళ్లాడు. గిటార్ పత్రికలు ఇంటర్వ్యూకి వస్తే “నాకు నేర్పింది సాట్రియానీ” అని చెప్పడం మొదలుపెట్టాడు. హామెట్ కూడా అదే మాట చెప్పాడు. అప్పటి గిటార్ పత్రికల్ని తక్కువ అంచనా వేయకండి. ఇంటర్‌నెట్ లేని కాలంలో గిటార్ నేర్చుకునే లక్షలాది కుర్రాళ్లు ఒకరికొకరు తెలియకుండానే చదివేది వాటినే. పేరు ముందు అక్కడ మోగింది, రికార్డు తర్వాత వచ్చింది.

ఇప్పుడు సంగీతంలోకి వెళ్దాం. గొంతు లేని రాక్ పాటకు ఉన్న అసలు ఇబ్బంది ఏమిటి? పాడే పాటలో చరణం నుంచి పల్లవికి వచ్చామని మాటలే చెబుతాయి. ట్యూన్ కాస్త బలహీనంగా ఉన్నా సాహిత్యం లాక్కుపోతుంది. మాటలు తీసేస్తే వినేవాడికి ఆ దారి చూపించడానికి ఏదో ఒకటి కావాలి. చాలామంది గిటారిస్టులు అక్కడ వేగం పెట్టారు. మొదటి నిమిషం ఒళ్లు గగుర్పొడుస్తుంది, మూడో నిమిషానికి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. సాట్రియానీ పెట్టింది వేరు.

ఆయన వాడే పద్ధతుల్లో ఒకదాన్ని పిచ్ యాక్సిస్ అంటారు. దీన్ని ఆయన హైస్కూల్లో సంగీతం మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. మామూలు రాక్ పాటలో కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతుంటే బేస్ కూడా వాటితో పాటు కదులుతుంది. ఈ పద్ధతిలో కింద ఒక స్వరాన్ని కదలకుండా పట్టుకుని, పైన స్కేళ్లను మారుస్తారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది చప్పున అందుతుంది. తంబూరా శ్రుతి అలాగే మోగుతూ ఉంటుంది, రాగమాలికలో రాగం మాత్రం మారిపోతుంది. అలాంటిదే. పాశ్చాత్యులు మోడ్ అనే స్కేళ్లలో ఒకటైన లిడియన్‌లో ఉన్నవి మన మేచకల్యాణి స్వరాలు, ఏయోలియన్‌లో నటభైరవివి, మిక్సోలిడియన్‌లో హరికాంభోజివి. గమకాలు, సంచారాలు లేవు కాబట్టి రాగమని అనలేం గానీ, రంగు మారే తీరు మాత్రం అదే. ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ మొదటి ట్రాక్‌లో కింద ‘ఈ’ (E) అనే స్వరం కదలదు, పైన వెలుగు నీడలు మారుతుంటాయి. మాటలు చేయాల్సిన పనిని ఈ మార్పు చేస్తుంది: ఇప్పుడు చరణంలోకి వచ్చామని వినేవాడి చెవికి తెలిసిపోతుంది, ఎలా తెలిసిందో చెప్పలేకపోయినా.

‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ ఈ ఆలోచనలన్నీ పండిన ఆల్బమ్. శాన్ ఫ్రాన్సిస్కోలోని హైడ్ స్ట్రీట్ స్టూడియోలో, సహ నిర్మాతగా, ఇంజినీర్‌గా జాన్ క్యూనిబెర్టితో కలిసి చేశాడు. ఆ స్టూడియోకి ముందున్న పేరు వాలీ హైడర్, శాన్ ఫ్రాన్సిస్కో రాక్ చరిత్రలో పెద్ద పేరు. కానీ వీళ్లకు పెద్ద బడ్జెట్ ఏమీ లేదు. కొన్ని పాటలకు డ్రమ్ మెషీన్‌తోనే సర్దుకున్నారు. మొత్తం ఆల్బమ్ నలభై నిమిషాల లోపే అయిపోతుంది. ఈ నిడివిని చాలామంది పట్టించుకోరు. ‘సాచ్ బూగీ’ గానీ ‘ఆల్వేస్ విత్ మి, ఆల్వేస్ విత్ యూ’ గానీ మూడున్నర నిమిషాలు దాటవు. రేడియోవాళ్లు వేసుకోవడానికి వీలైన కొలత అది. చెప్పాల్సింది చెప్పి దిగిపోయే గిటారిస్టులు ఇప్పటికీ తక్కువే.

ఇప్పుడు చెప్పిన ఈ రెండిట్లో రెండో ట్యూన్‌ను కాస్త దగ్గర నుంచి వినండి. వెనక ఒక గిటార్ శుభ్రమైన టోన్‌తో కార్డులను విడివిడి స్వరాలుగా పలికిస్తూ ఉంటుంది. డ్రమ్ చాలా సాదా. దాని మీద మెలొడీ వస్తుంది. మొదటిసారి దాదాపు అలంకారం లేకుండా వాయిస్తాడు. రెండోసారి అదే వాక్యం చివర చిన్న జారుడు, ఇంకోసారి వామీ బార్‌తో (తీగల బిగువు మార్చే పిడి) స్వరాన్ని కొంచెం కిందికి వంచి పైకి తేవడం. మంచి గాయకుడు పల్లవి రెండోసారి పాడేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే. ‘బి’ మేజర్‌లో హాయిగా సాగుతున్నది మధ్యలో ‘బి’ మైనర్‌కు మారగానే గుండె కాస్త బరువెక్కుతుంది. ఆధార స్వరం అదే, రంగు మారింది. వేగంగా వచ్చే ట్యాపింగ్ (రెండు చేతుల వేళ్లతోనూ తీగల మీద తట్టి వాయించడం) ముక్క కూడా ఉంది కానీ అది ఆ బరువు మీద నడుస్తుంది కాబట్టి విన్యాసంలా అనిపించదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ ట్యూన్ ఇచ్చేటప్పుడు గిటార్ పక్కన పెట్టి ముందు కూనిరాగం తీయమంటాను. అందరూ తీయగలుగుతారు. అదే కాలంలోని చాలా ‘ష్రెడ్’, అంటే వేగమే ప్రధానమైన, ట్యూన్లతో ఆ పని కుదరదు, మీరే ప్రయత్నించి చూడండి.

టైటిల్ ట్రాక్ టోన్ వెనక ఒక ముచ్చట ఉంది. వా పెడల్, ఓవర్‌డ్రైవ్, మార్షల్ ఆంప్ దాకా గిటారిస్టులందరికీ తెలిసినవే. పైన ఈవెంటైడ్ కంపెనీ హార్మనైజర్ (శబ్దం శ్రుతిని మార్చే యంత్రం) ఒకటి వాడారు. రికార్డింగ్ సమయంలో అది పాడైపోయింది. బాగు చేయించాక ముందున్న శబ్దం మళ్లీ రాలేదు. దాంతో అప్పటికే టేప్ మీద ఉన్నదాన్ని అలాగే ఉంచేశారు. ఫలానా పెడల్ కొంటే ఫలానా టోన్ వస్తుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే: ఆయనకే రెండోసారి రాలేదు!

కవర్ మీద జాన్ బైర్న్ గీసిన మార్వెల్ కామిక్స్ పాత్ర సిల్వర్ సర్ఫర్. అది కంపెనీలో పనిచేసే ఒకాయనకు వచ్చిన ఆలోచన. అనుమతి తీసుకుని వేశారు, షాపులో కంటికి ఇట్టే ఆనింది. అనుమతి గడువు తీరిపోయాక వచ్చిన కొత్త ముద్రణల్లో ఆ బొమ్మ లేదు.

ఆల్బమ్ 1987 అక్టోబర్‌లో వచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక అయిన బిల్‌బోర్డ్ 200లో 29వ స్థానం దాకా ఎక్కింది, ఏడాది దాటినా పట్టిక వదల్లేదు. తర్వాత కాలంలో అమెరికాలో ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు. రెండు గ్రామీ నామినేషన్లూ వచ్చాయి. చిన్న కంపెనీ నుంచి వచ్చిన, గొంతే లేని రాక్ ఆల్బమ్‌కు ఇది చిన్న విషయం కాదు.

కానీ గొంతు లేని రాక్‌ను అమెరికా అప్పుడే మొదటిసారి విన్నదని మాత్రం అనుకోకండి. 1958లోనే లింక్ రే ‘రంబుల్’ మోగింది. ఒక్క మాట లేకపోయినా కుర్రాళ్లను గొడవలకు రెచ్చగొడుతుందని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని ఆపేశాయి. 1960లో అమెరికాలో వెంచర్స్, బ్రిటన్‌లో షాడోస్ గిటార్ ట్యూన్లతోనే పెద్ద హిట్లు కొట్టారు. 1975లో జెఫ్ బెక్ తీసిన ‘బ్లో బై బ్లో’ బిల్‌బోర్డ్‌లో 4వ స్థానం అందుకుంది. దాని నిర్మాత బీటిల్స్‌కు పనిచేసిన జార్జ్ మార్టిన్. 1984లో యింగ్వీ మాల్మ్‌స్టీన్ వచ్చి వేగానికి కొత్త కొలత పెట్టాడు. ఆయన ఘనత ఆయనది, కానీ ఆయన్ని చూసి బయల్దేరిన వాళ్లలో చాలామందికి వేళ్లు అందాయి, ట్యూన్ అందలేదు. అంటే వినే జనం ఉన్నారు, వాయించే జనం అంతకంటే ఎక్కువ ఉన్నారు, పాడుకోదగ్గ గిటార్ పాటకు మాత్రం చోటు ఖాళీగా ఉంది. సాట్రియానీ సరిగ్గా అక్కడ కూర్చున్నాడు.

ఇప్పుడు జాగర్ సంగతి. 1988 మార్చిలో మిక్ జాగర్ సోలో టూర్ జపాన్‌లో మొదలైంది. జాగర్ ఆల్బమ్‌లో వాయించిన జెఫ్ బెక్ టూర్ నుంచి తప్పుకోవడంతో ఆ ఖాళీ ఏర్పడింది. గిటార్ ఆల్బమ్‌ల ప్రపంచంలో ముందు తరం పెద్ద వదిలిన కుర్చీలోకి తర్వాతి తరం వాడు వచ్చాడన్నమాట. జాగర్ తన షోలో సాట్రియానీకి సోలో వాయించుకునే సమయం కూడా ఇచ్చాడు. దీనివల్ల ఎంతో మేలు జరిగింది, కాదనను. రోలింగ్ స్టోన్స్ గాయకుడి పక్కన నిలబడ్డ గిటారిస్టు అంటే పత్రికలు రాస్తాయి, కంపెనీ ఇంకాస్త ఖర్చు పెడుతుంది.

కానీ “జాగర్ పుణ్యమే” అనేవాళ్లు ఒక చిన్న విషయం మర్చిపోతారు. ఆ టూర్ అమెరికాకు రానేలేదు. జపాన్ తర్వాత అదే ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు సాగింది. ఆల్బమ్ ఎక్కిందేమో అమెరికా పట్టిక. అక్కడి కుర్రాళ్లు జాగర్ పక్కన సాట్రియానీని చూసి రికార్డు కొనలేదు, చూసే అవకాశమే లేదు. వాళ్లు రేడియోలో విన్నారు, గిటార్ పత్రికల్లో చదివారు, అదే 1988లో స్టువర్ట్ హామ్ బేస్‌తో, జొనథన్ మూవర్ డ్రమ్స్‌తో ముగ్గురి బ్యాండ్‌గా ఆయన ఊరూరా వాయిస్తుంటే వెళ్లి చూశారు. ఆ షోల నుంచి తీసిన మూడు లైవ్ ట్రాకులకు ఒక కొత్త ట్యూన్ కలిపి తెచ్చిన ‘డ్రీమింగ్ #11’ అనే చిన్న రికార్డు కూడా గోల్డ్ అయింది. గట్టి ఆధారం కావాలంటే నాకు ఇదే చాలు: వేరెవరి పేరూ అండగా లేని నాలుగు ట్రాకుల రికార్డును ఐదు లక్షల మందికి అమ్మగలిగాడు.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పేస్తాను. 1989లో ‘ఫ్లయింగ్ ఇన్ ఎ బ్లూ డ్రీమ్’. టైటిల్ ట్రాక్ మొత్తం లిడియన్‌లో, అంటే మన కల్యాణి స్వరాల్లో తేలుతుంది. ఒక ఆధార స్వరం మీద కల్యాణి అయిపోగానే ఇంకో ఆధారం మీద మళ్లీ కల్యాణే. పిచ్ యాక్సిస్‌ను తలకిందులు చేసినట్టు ఉంటుంది. ఆ ఆల్బమ్‌లో ఆరు పాటలు ఆయనే పాడాడు కూడా. ఆయన గొంతు మామూలుదే, పైగా గిటార్ అంతకంటే బాగా పాడుతుంటే గొంతు ఎందుకని నాకనిపిస్తుంది. 1992లో ‘ది ఎక్స్‌ట్రీమిస్ట్’ బిల్‌బోర్డ్‌లో 22 దాకా వెళ్లింది, శబ్దం పరంగా ఆయన రికార్డుల్లో నాకు అన్నిటికంటే నిండుగా వినిపించేది అదే. అందులోని ‘సమ్మర్ సాంగ్’ను సోనీ డిస్క్‌మన్ ప్రకటనకు వాడారు. పబ్లిషింగ్ గురించి పైన అంత పొడుగున ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అదే సమయానికి సియాటెల్ నుంచి గ్రంజ్ అనే మొరటు రాక్ శైలి వచ్చి గిటార్ సోలో అంటేనే పాతకాలపు డాబుసరి అన్నట్టు చేసింది. ఎందరో వేగవంతుల కెరీర్లు ఆ రెండేళ్లలో కొట్టుకుపోయాయి. సాట్రియానీ 1993 చివర్లో డీప్ పర్పుల్‌లో రిచీ బ్లాక్‌మోర్ మధ్యలో వదిలేసిన చోట నిలబడి జపాన్ టూర్‌ను, తర్వాతి ఏడాది యూరప్ టూర్‌ను కాపాడాడు. ఉండిపొమ్మన్నారు, ఉండలేదు. సొంత రికార్డుల దారికే తిరిగొచ్చాడు. పెద్ద బ్యాండ్ జీతం వద్దనుకోవడం మాటలు కాదు, కానీ అప్పటికే తన ట్యూన్లు తనకు సంపాదించి పెడుతున్నాయి కాబట్టి అది సాధ్యమైంది. 1996లో స్టీవ్ వై, ఎరిక్ జాన్సన్‌లతో కలిసి జీ3 టూర్ మొదలుపెట్టాడు. ముగ్గురు గిటారిస్టులు, మూడు సెట్లు, చివర్లో ముగ్గురూ కలిసి వాయించడం. రేడియో తలుపు మూసుకున్నాక, ముగ్గురి అభిమానుల్ని ఒకే హాలుకి రప్పించే ఈ ఏర్పాటు ఆయన్నే కాదు, ఆ తరహా సంగీతాన్నే చాలాకాలం నిలబెట్టింది. గ్రామీ మాత్రం పదిహేనుసార్లు నామినేట్ అయినా ఒక్కసారీ రాలేదు.

చివరగా, ఎక్కడ మొదలుపెట్టి వినాలో చెప్పి ఆపుతాను. నేరుగా ‘సర్ఫింగ్’కి వెళ్లకండి. ముందు ‘బ్లో బై బ్లో’ పూర్తిగా వినండి, బెక్ ఒక్కో స్వరాన్ని ఎలా పలికించాడో చెవికి ఎక్కుతుంది. తర్వాత ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ మొదటి ట్రాక్, బేస్ మీదే చెవి పెట్టి. అప్పుడు ‘సర్ఫింగ్’ మొత్తం. అలెన్ కీతో తట్టిన 1984 ఈపీ కావాలంటే దానికోసం విడిగా తిరగక్కర్లేదు, అందులోని ట్యూన్లు చాలావరకు 1993లో వచ్చిన ‘టైమ్ మెషీన్’ డబుల్ ఆల్బమ్‌లో ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో వింటే ఆ బేస్ శబ్దం మామూలు గిటార్‌తో చేసిందని మీకు తెలియనే తెలియదు.